పూర్తికాని వంతెన పని

ఆదివారం మధ్యాహ్నంలోగా అయిపోవలసిన పనులు: నీళ్ల ట్యాంకు కడగడం. అమ్మ కాలికి వేడినీళ్ల కాపడం, ఒక్కో కాలు పదిసార్లు ఎత్తించడం. పరుపులు ఎండలో వేయడం. అమ్మాయికి ఫిజిక్స్‌లో కటకాల పాఠం. ఐదు చొక్కాలు ఇస్త్రీ. పాత పేపర్లు కట్టగట్టడం. బండి సర్వీసింగుకి ఇవ్వడం.

డ్రాయింగ్ మాస్టారి చేతిరాత అచ్చు అక్షరాల్లా ఉంటుంది. పనుల జాబితా అయినా సరే, స్కేలు పెట్టి గళ్లు గీసి, ఎర్ర సిరాతో శీర్షిక రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తారు. మొదటి ఆరు పనులకీ ఎదురుగా ‘నువ్వు’ అని ఉంది. చివరిదానికి ‘నేను’ అని ఉంది. ఆ ‘నువ్వు’ ఎవరో ఆ ఇంట్లో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన భార్య, పెద్దావిడకి కోడలు, పదిహేడేళ్ల అమ్మాయికి తల్లి. పెద్దాస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. “ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఇప్పుడు వదలండి” అని రోజుకి వందసార్లు అంటుంది కాబట్టి అక్కడందరూ ఆమెను ఊపిరి మేడమ్ అంటారు.

“నాన్నా, ఈ జాబితాలో నా నిద్ర ఎక్కడుంది?” అంది అమ్మాయి కళ్లు నులుముకుంటూ.

“పరీక్షలయ్యాక చూద్దాం.”

“ఒరేయ్, నా కాలిని ట్యాంకు తర్వాత రాశావేం?” అన్నారు పెద్దావిడ మంచం మీంచి. “ఈ ఇంట్లో నాకంటే ట్యాంకుకి మర్యాద ఎక్కువైంది.”

మాస్టారు నవ్వి తాళం చెవి తీసుకున్నారు. వంటింటి గుమ్మంలోంచి ఆమె అంది, “బండి నేనే ఇచ్చొస్తాను లెండి. ఆ మెకానిక్ నాకు అలవాటే.”

“ఇన్ని పనుల్లో నీకెందుకు? నేనిచ్చొస్తాగా.”

ఆయన ప్రేమగానే అన్నారు. ఆమె మాత్రం చేతిలో గరిటె ఉన్న సంగతే మర్చిపోయింది. బండి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడే వింటూ నిలబడిపోయింది.

ఆ బండి వచ్చి ఆరు నెలలైంది. అంతకుముందు ఆస్పత్రికి రెండు బస్సులు మారేది. నాలుగున్నరకి డ్యూటీ దిగితే ఇల్లు చేరేసరికి ఆరు. బండి కొందామని మాట వచ్చినప్పుడు, గేర్లు లేని స్కూటరే అనుకున్నారు అందరూ. కాళ్ల దగ్గర సరుకుల సంచి పెట్టుకోవచ్చని మాస్టారు, వెనక వెడల్పుగా కూర్చోవచ్చని పెద్దావిడ, రంగు బాగుంటుందని అమ్మాయి. షోరూముకి వెళ్లాక ఆమె స్కూటర్ల వరస దాటి, గేర్ల బళ్ల దగ్గర ఆగింది. నల్లటి నూటయాభై సీసీ బండి.

“సార్, ఇది బరువు. మేడమ్‌గారికి కష్టం” అన్నాడు సేల్స్‌మన్ మాస్టారితో.

“నడిపేది నేను, నాతో చెప్పండి” అంది ఆమె. పెళ్లికి ముందు అన్నయ్య బండి మీద స్కూలు మైదానంలో నేర్చుకున్న చెయ్యి. సెంటర్ స్టాండ్ మీద కుడికాలు మోపి, వెనక పట్టీ అందుకుని, ఒంటి బరువంతా కాలి మీద వేసింది. బండి బుద్ధిగా పైకి లేచి నిలబడింది. రోజూ మంచాల మీంచి మనుషుల్ని ఎత్తి దించే ఆమెకి బరువు ఎక్కడ పట్టాలో తెలుసు. సేల్స్‌మన్ ఆ తర్వాత మైలేజీ, సర్వీసింగు అన్నీ ఆమెకే చెప్పాడు.

“స్కూటరైతే సంచి పట్టేది” అన్నారు మాస్టారు చివరిసారిగా.

“మా ఆస్పత్రి రోడ్డు గుంటలకి చక్రం పెద్దది ఉండాలండీ.”

ఆమె చెప్పింది నిజమే. కానీ అసలు కారణం అది కాదు. అసలు కారణం ఏమిటో ఆమె కూడా పైకి అనుకోలేదు.

బండి వచ్చాక ఇల్లు చేరేసరికి ఐదు దాటి ఐదు నిమిషాలు. దాదాపు గంట మిగిలింది. ఆ గంటని చూసి ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది మాస్టారే. మర్నాడే చార్టు కాగితం తెచ్చి, ఆ గంటని నాలుగు గళ్లు చేశారు. ఐదుంపావుకి అమ్మ కాలు. ఐదున్నరకి ఫిజిక్స్. ఐదూముప్పావుకి ఇస్త్రీ. ఆరింటికి వంట. చుట్టూ లతల అంచు కూడా వేశారు. నెలరోజులు ఆమె ఆ గళ్లలోనే నడిచింది. బస్సులో అయితే కనీసం కిటికీ పక్కన కూర్చుని ఏమీ చేయకుండా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఆ తర్వాత వంతెన మూసేశారు. మరమ్మతు పనులు. బైపాస్ మీదుగా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. మొదటిరోజు ఆరింటికి ఇల్లు చేరి గాభరాగా లోపలికొస్తే, అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది, పెద్దావిడ గోడ పట్టుకుని తనే నడుస్తున్నారు.

“వంతెనా?” అన్నారు మాస్టారు.

“వంతెనే.”

అంతే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. బైపాస్ మీద ఐదో గేరు పడ్డాక ఇంజను గొంతు మారుతుంది. అది ఆమెని అత్తగారి కాలు గురించి అడగదు, చొక్కాల గురించి అడగదు. హెల్మెట్ లోపల ఆమె ఊపిరి ఆమెకే వినిపిస్తుంది. మూడు వారాల్లో వంతెన తెరిచారు. ఊళ్లో అందరికీ తెరిచారు. ఆ ఇంట్లో మాత్రం పని జరుగుతూనే ఉంది. మాస్టారి స్కూలు ఇంటి వెనక వీధిలోనే కాబట్టి ఆయనకి ఆ వైపు పనే పడలేదు.

ఆదివారం పదకొండింటికి బండి చప్పుడైంది. ఆమె అప్పుడే ట్యాంకు కడిగి, తడి చీర కుచ్చిళ్లు దోపుకుని అలాగే వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మాస్టారు లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నారు. తాళం చెవి చొక్కా జేబులోనే ఉంది.

“వంతెన పని ఎంతవరకొచ్చింది?”

“జరుగుతోందండీ.”

“నేనిప్పుడు దాని మీద అటూ ఇటూ తిరిగి చూసొచ్చాను.”

చిక్కుడుకాయ నార సగంలో తెగింది. ఆమె తలెత్తలేదు.

“మెకానిక్ ఏమన్నాడో తెలుసా? మేడమ్ టూర్లు వేస్తున్నారా సార్, చైను బాగా సాగింది, మీటరు ఎనిమిది వేలు దాటింది అన్నాడు. చుట్టూ తిరిగి వస్తోంది కదా, వంతెన పని అన్నాను. ఏ వంతెన సార్, అది తెరిచి నాలుగు నెలలైంది అని నవ్వాడు. పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు.” ఆయన గొంతు తగ్గింది. “ఆస్పత్రికి రానూ పోనూ ఎంత వేసినా ఐదు వేలు దాటదు. మిగతా మూడు వేలు ఎక్కడికెళ్లావు?”

“ఎక్కడికీ లేదు.”

“ఎక్కడికీ వెళ్లకుండా మూడు వేల కిలోమీటర్లు తిరుగుతుందా బండి?”

“తిరుగుతుంది. ఎక్కడికీ వెళ్లకుండానే తిరుగుతుంది” అంది ఆమె. “బైపాస్ మీద లారీలు తూచే కాటా ఉంది. అక్కడిదాకా వెళ్తాను. వెనక్కి తిప్పుతాను. ఆరింటి బస్సు వేళకి ఇంటికొస్తాను.”

“కాటా దగ్గర ఎవరున్నారు?”

ఆ ప్రశ్న అడిగాక మాస్టారికే సిగ్గేసింది. కానీ మాట వచ్చేసింది. ఆమె మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది.

“కాటా రాసే ముసలాయన ఉంటాడు. ఎప్పుడూ కునుకుతుంటాడు. ఆయన కూడా నన్ను ఇంతవరకూ చూళ్లేదు.”

పుస్తకం పట్టుకుని అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. “అంటే రోజూ నేను డౌట్లు రాసి పెట్టుకుని కూర్చుంటే, నువ్వు షికారు చేస్తున్నావా అమ్మా?”

“నువ్వుండు” అన్నారు మాస్టారు. కానీ ఆయన మనసులో ఇంకొక మాట మెదులుతోంది. అది ఆగలేదు. “పోయిన నెల అమ్మ వరండాలో పడింది గుర్తుందా? ఐదున్నరకి పడింది. అమ్మాయి క్లాసులో ఉంది, నేను స్కూలు మీటింగులో ఉన్నాను. నువ్వు వచ్చేదాకా అరగంట నేల మీదే ఉంది. ఆ అరగంట నువ్వు కాటా దగ్గరున్నావన్నమాట.”

ఆమె చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

“అవును” అంది. “ఆ రోజు అత్తయ్యని లేపి కూర్చోబెట్టాను. వంతెన దగ్గర ఆలస్యమైంది అత్తయ్యా అని అబద్ధం చెప్పాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, పోనీలే నువ్వేం చేస్తావు అన్నారు. ఆ రాత్రి అన్నం దిగలేదు నాకు. మర్నాటి నుంచి మానేశాను. మూడు రోజులు మానేశాను. నాలుగో రోజు హ్యాండిల్ దానంతటదే తిరిగిందని చెప్పను. నేనే తిప్పాను.” ఆమె కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లు గడ్డం దాకా వచ్చినా. “తప్పని తెలుసు. తెలిసే తిప్పాను.”

“నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా.”

“చెప్తే చార్టులో రాసేవారు. ఐదుంపావు నుంచి ఆరు, తిరుగుడు అని. దానికీ లతలు వేసేవారు.”

మాస్టారికి నవ్వు రాబోయి ఆగిపోయింది. లేచి నిలబడి జేబు మీద చెయ్యి వేసుకున్నారు. “రేపట్నుంచి బస్సులోనే వెళ్లు. తాళం నా దగ్గరుంటుంది.”

“సరే” అంది ఆమె. అంత తేలిగ్గా అన్న ఆ ‘సరే’ వింటే ఎవరికైనా భయం వేస్తుంది.

వాకర్ చప్పుడు టకటకమని దగ్గరకొచ్చింది. పెద్దావిడ గుమ్మం దగ్గర ఆగి, మనవరాలి భుజం పట్టుకున్నారు. “ఆ తాళం అక్కడ పెట్టి కూర్చోరా.”

“అమ్మా, ఆ రోజు నీకు...”

“నాకు తెలుసు. పడింది నేను. చెప్పు జారి పడ్డాను. కోడలు ఇంట్లో ఉన్నా పడేదాన్నే.” ఆవిడ కోడలు పక్కన మెల్లగా కూర్చున్నారు. “నువ్వు పుట్టక ముందు మన వీధిలో ఇంటి ఎదురుగానే పంపు ఉండేది. నేను బిందె పట్టుకుని రెండో వీధి పంపుకి వెళ్లేదాన్ని. అక్కడి నీళ్లు తియ్యగా ఉంటాయని చెప్పేదాన్ని. రెండూ ఒకటే నీళ్లురా.”

“మరెందుకు వెళ్లేదానివి నానమ్మా?” అంది అమ్మాయి.

“ఎందుకంటే ఏం చెప్పను? వెళ్లేటప్పుడు బిందె ఖాళీగా ఉండేది. అదొక్కటే కారణం.” పెద్దావిడ కొడుకు వైపు తిరిగారు. “మీ నాన్న మంచివాడురా. నేను అంత దూరం మోస్తున్నానని చూడలేక, ఆఫీసులో అప్పు పెట్టి ఇంట్లోకే పంపు వేయించాడు. అదృష్టవంతురాలినని వీధంతా అన్నారు. ఆయన మొహంలో సంతోషం చూసి నేనూ నవ్వాను. ఆ తర్వాత రెండో వీధి మలుపు మళ్లీ చూడ్డానికి పదేళ్లు పట్టింది నాకు. ఒక్కరికీ చెప్పలేదు. ఇవాళే చెప్తున్నా.”

మాస్టారు తల్లి మొహం చూశారు. తండ్రి పంపు బిగించిన రోజు ఇంట్లో అందరూ ఎంత సంబరపడ్డారో చిన్నప్పటి నుంచీ విన్నారు. ఆ సంబరంలో ఒకావిడ దారి మూసుకుపోయిందని ఈ నలభై ఏళ్లలో ఊహించలేదు. తను గళ్లు గీసి, లతలు వేసి, రంగులద్ది గోడకి కొట్టింది కూడా అలాంటి పంపేనని తోచేసరికి ఆయనకి కళ్లు చెమర్చాయి. తాళం చెవి తీసి చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టారు. భార్య ఎదురుగా నేల మీద కూర్చుని, ఒక కాయ తీసుకుని నార లాగడం మొదలుపెట్టారు.

“అలా కాదండీ, ఆ చివర్నుంచి” అంది ఆమె, ముక్కు ఎగబీలుస్తూ.

సోమవారం ఐదుంపావుకి మాస్టారే తల్లి కాలు పట్టుకుని లెక్కపెట్టారు. “కోడలి చెయ్యి మెత్తనరా. నీది సుద్దముక్క పట్టిన చెయ్యి” అని పెద్దావిడ పదిసార్లూ సాధించారు. అమ్మాయి డౌట్లు రాసి పెట్టుకుని, అందులో మూడు తనే తేల్చుకుంది. ఆరు దాటింది. ఆరుంపావు దాటింది. ముగ్గురూ గడియారం చూసి, ఒకరికొకరు దొరికిపోయి చూపులు తిప్పుకున్నారు. ఆరున్నరకి గేటు చప్పుడైంది. ఆమె హెల్మెట్ తీసి లోపలికొచ్చింది. జుట్టు చెదిరి ఉంది, మొహం దుమ్ముగా, తేటగా ఉంది. వంతెన గురించి ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. మాస్టారు టీ గ్లాసు అందించి, ఏమీ అడగకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడే తెలుసుకున్నారు.

ఆ కోడలికి బండి ఉంది. దారి ఉంది. ఇప్పుడు ఏమీ అడగని ఇల్లు కూడా ఉంది. ఇది చదివినవాళ్లు ఆమెని మర్చిపోయినా ఫర్వాలేదు. ఖాళీ బిందెతో రెండో వీధి దాకా నడిచి, ఇంట్లోకి పంపు వచ్చిన రోజు అందరితో పాటు నవ్విన ఆ పెద్దావిడని మాత్రం ఒక్కసారి గుర్తుంచుకోండి.