అమ్మ నోటి మాటలు

పెద్ద అంబర్‌పేట్ నుంచి వరసకు అత్తయ్యే అండాలమ్మ ఫోన్ చేసి చెప్పిన మాట వింటూ, పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా అరుణజ్యోతి పట్టించుకోలేదు.

"యోగేందర్ బిడ్డను కోచింగ్ మానిపిచ్చిండు, తెలుసా నీకు? సౌందర్యవి ఏందో ఫోటోలంట, అందరి ఫోన్లల్ల తిరుగుతున్నయంట. ఎస్సై నౌకరి పరుగు పరీక్షకు ఇంక పద్దెనిమిది దినాలే ఉన్నయి. పిల్లను గడప దాటనిస్తలేడు. సంబంధాలు చూస్తున్నడు. శ్రీకళ మూడు దినాల నుంచి మెతుకు ముట్టలే..."

"అయ్యో" అంది అరుణజ్యోతి. ఆ అయ్యో పెదవుల దగ్గరే పుట్టింది.

ఫోన్ పెట్టేసి, గ్యాస్ కట్టేసి, వంటింటి గోడకు ఆనుకుని నిలబడింది. ఏళ్ల తరబడి ఛాతీ మీద కూర్చున్న బరువేదో దిగిపోయినట్టు ఒళ్లంతా తేలికైంది. శ్రీకళ మెతుకు ముట్టలేదట. ముట్టొద్దు. మూడు రోజులేంటి, మూడు నెలలు ముట్టొద్దు. చేతిదాకా వచ్చిన ఉద్యోగం జారిపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలియాలి ఆ మహాతల్లికి...

పద్నాలుగేళ్ల కిందట వాళ్లందరిదీ ఒకటే ఇల్లు. అన్నదమ్ములు యోగేందర్, శైలేందర్. పెద్దకోడలు శ్రీకళ, చిన్నకోడలు అరుణజ్యోతి. పక్షవాతంతో మంచం పట్టిన అత్త ఈరమ్మ. అరుణజ్యోతి నర్సు చదువు చదివింది. అయిదేళ్ల కొడుకు శ్రీకర్‌ని ఒళ్లో పడుకోబెట్టుకుని పుస్తకాలు తిరగేసి, పరీక్ష రాసి, సర్కారు దవాఖానలో ఉద్యోగానికి ఎంపికైంది. ఫలానా రోజు సర్టిఫికెట్లతో రమ్మని ఉత్తరం వచ్చింది. వచ్చిన సంగతి మాత్రం ఆమెకు తెలియలేదు. శ్రీకళ దాన్ని తన చీరల కింద దాచేసింది. గడువు దాటిపోయిన నాలుగు నెలలకు బయటపడితే, "నువ్వు నౌకరికి పోతే అత్తమ్మకు ఎత్తిపోసుడు ఎవరు చెయ్యాలె? నేనొక్కదాన్నేనా?" అని ఎదురు అడిగింది. తప్పయిందన్న మాట ఆమె నోట రాలేదు. ఆ సాయంత్రమే అరుణజ్యోతి కొడుకు చెయ్యి పట్టుకుని, భర్తను బయలుదేరదీసి, ఎల్బీనగర్‌లో కిరాయి ఇంటికి వచ్చేసింది. మళ్లీ నోటిఫికేషన్ పడేనాటికి వయసు దాటిపోయింది. ఇప్పుడామె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌కు వార్డెన్. ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే ఎనభై మంది ఆడపిల్లలకు కాపలా.

ఆ కడుపుమంటను ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు, ఒక్క కొడుకుతో తప్ప. శ్రీకర్‌కు అన్నం కలిపి పెడుతూ చెప్పేది. జ్వరం వచ్చి పడుకుంటే తల నిమురుతూ చెప్పేది. "మొఖం చూస్తే దేవత బిడ్డా, చేసేటియన్ని దయ్యం పనులు. ఊరందరికి తెలువాలె దాని బాగోతం. తలెత్తుకోని తిరగకుంటయిపోవాలె ఆ ఇంటోళ్లు..." ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాడు అన్నాడు, "నేను పెద్దగైనంక వాళ్ల సంగతి చూస్త మమ్మీ" అని. ఆమె పొంగిపోయి వాడి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

ఇప్పుడు పంతొమ్మిదేళ్లవాడై, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ కొడుకు వంటింట్లోకి వచ్చి తల్లి ముఖం చూశాడు.

"ఏమైంది మమ్మీ? నవ్వుతున్నవ్?"

"మీ పెద్దమ్మ ఇంట్ల లొల్లి అయితుందట. సౌందర్య కోచింగ్ బందయిందట."

"అయితే నీకు ఖుషీయేనా?"

"నా కడుపు చల్లవడ్డది బిడ్డా" అంది ఆమె. వాడు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి ఒక్కసారి గట్టిగా దగ్గరకు తీసుకుని, కాలేజీకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం హాస్టల్ ఆఫీసు గదిలో ఆమె భోజనాల రిజిస్టరు చూసుకుంటుంటే, బ్యాంకు పరీక్షలకు చదువుతున్న భీమవరం పిల్ల తేజస్విని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఆంటీ, ఒకసారి ఇది చూస్తారా? మా కోచింగ్ గ్రూపులన్నిటిలో పెట్టేశారండి. ఈ అక్క పక్క బిల్డింగులో పోలీసు కోచింగ్‌కి వచ్చేది. చాలా మంచిదండి. ఇలాంటిది నా మీద ఎవరన్నా పెడితే మా నాన్నగారు నిజమా అబద్ధమా అని కూడా అడగరు. రేపొద్దున్నే వచ్చి తీసుకెళ్లిపోతారు."

అరుణజ్యోతి ఫోన్ అందుకుంది. సౌందర్య పేరు మీదే తెరిచిన దొంగ అకౌంటు. సరూర్‌నగర్ స్టేడియంలో పొద్దున్నే పరుగు నేర్చుకుంటున్న పిల్లను చాటుగా తీసిన ఫోటోలు. చెమటతో తడిసిన టీ షర్టు, మోకాళ్ల పైకి ఉన్న నిక్కరు. పక్కన ఎవరో మగపిల్లవాడి బొమ్మ తెచ్చి అతికించారు. లోపల ఒక చిన్న సంతోషం ఇంకా కదులుతూనే ఉంది ఆమెకు. ఆ సంతోషంతోనే కింద రాసిన అక్షరాలు చదివింది.

"మొఖం చూస్తే దేవత, చేసేటియన్ని దయ్యం పనులు. ఊరందరికి తెలువాలె దాని బాగోతం."

మళ్లీ చదివింది. అవి ఆమె మాటలు. తన నోటి నుంచి తప్ప ఇంకెక్కడా వినని మాటలు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా...

"ఏమైందండీ ఆంటీ? మంచినీళ్లు తేనా?" అని తేజస్విని అడుగుతోంది. అరుణజ్యోతి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టేసింది. పొద్దున తన భుజం చుట్టూ పడిన కొడుకు చెయ్యి గుర్తుకొచ్చింది. వాడు అడిగింది పరామర్శ కాదు... చేసిన పనికి మెచ్చుకోలు అడిగాడు. తను మెచ్చుకుంది కూడా.

సాయంత్రం శ్రీకర్ ఇంటికి రాగానే ఆమె తలుపు వేసింది. ఎలక్ట్రికల్ షాపు నుంచి అప్పుడే వచ్చిన శైలేందర్ చెప్పులు కూడా విడవలేదు.

"సౌందర్య ఫోటోలు తీసింది నువ్వేనా?"

వాడు తడబడలేదు. "నేనే. నీ నౌకరి పోగొట్టిన్రు కదా. వాళ్ల బిడ్డది కూడా పోవాలె. బరాబరయింది మమ్మీ."

ఆమె చెయ్యి లేచింది. గాలిలోనే ఆగిపోయింది. ఎవరిని కొట్టాలి?

"సౌందర్య నీకేం జేసిందిరా? నీకు సైకిల్ తొక్కుడు నేర్పింది అదే. నువ్వు పడ్తే ఎత్తుకోని ఇంటిదాక ఉరికొచ్చింది. గప్పుడు దానికి ఎనిమిదేండ్లు."

"పెద్దమ్మ బిడ్డనే కదా మమ్మీ. నువ్వే అన్నవ్, ఆ ఇంటోళ్లు తలెత్తుకోని తిరగొద్దని."

విషయం అర్థమయ్యేసరికి శైలేందర్ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. అది తీసేపిద్దాం. ఎవ్వరికి చెప్పొద్దు. కేసు గీసు అయితే పిల్లగాని బతుకు ఆగమైతది."

"మరి ఆ పిల్ల బతుకు?"

"ఆడపిల్లనే కదా. పెండ్లి జేస్తరు. అదే సర్దుకుంటది."

అరుణజ్యోతి భర్త కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. "నాకు కూడా గట్లనే అన్నరు అప్పట్ల. మొగుడు ఉన్నడు కదా, నౌకరి ఎందుకని. నువ్వు కూడ పక్కనే కూసోని విన్నవ్" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఏదీ తీసెయ్యకు. రేపు పొద్దున నాతోని వస్తున్నవ్."

మరునాడు పొద్దున పెద్ద అంబర్‌పేట్ బస్సులో వాడు ఆమె పక్కన కూర్చుని బతిమాలుతూనే ఉన్నాడు. హయత్‌నగర్ దాటాక ఏడ్చాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాడి కన్నీళ్లు తుడవాలని చెయ్యి లాగుతోంది. తుడిస్తే తను మధ్యలోనే దిగిపోతుందని తెలుసు.

తలుపు తీసింది శ్రీకళే. కళ్లు లోతుకు పోయాయి, జుట్టు చింపిరిగా ఉంది. ఆ ముఖం చూడగానే, ఎందుకు వచ్చిందో మరిచిపోయి, అరుణజ్యోతి మనసు మళ్లీ ఒక్క క్షణం తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. కొడుకును ముందుకు తోసి, "చెప్పు" అంది.

వాడు చెప్పాడు. తల వంచుకుని, ముక్కలు ముక్కలుగా, ఫోటోలు ఎలా తీసింది, ఎవరెవరికి పంపింది అన్నీ చెప్పాడు. యోగేందర్ లేచి వచ్చి వాడి కాలరు పట్టుకుని గోడకు అదిమాడు. అరుణజ్యోతి కదలలేదు. శ్రీకళ మాత్రం వాడి వైపు కూడా చూడలేదు. తోటికోడలినే చూస్తోంది.

"నువ్వు నేర్పినవ్."

"అవునక్క, నేనే నేర్పిన. నువ్వు నా కాయితం దాచిన కాడి నుంచి నేర్పుతనే ఉన్న."

"నా బిడ్డ ఏం పాపం జేసింది అరుణా?"

"ఏం చెయ్యలే. గప్పుడు నేను కూడ ఏం చెయ్యలే."

 శ్రీకళ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది. "దాచిన. తప్పే జేసిన" అంది. "అత్తమ్మ చాకిరి నా ఒక్కదాని మీద పడ్తదని భయంతోని దాచిన. అది ఏం పోగొట్టుకున్నట్టో ఈ నాలుగు దినాలు నా బిడ్డను చూస్తే తెలిసింది..."

ఈ మాట కోసం అరుణజ్యోతి పద్నాలుగేళ్లు ఎదురుచూసింది. వింటే ఆకలి తీరుతుందనుకుంది. తీరలేదు. విన్న చోటే ఆమె కొడుకు చొక్కా చిరిగి, ముక్కు చీదుకుంటూ నిలబడి ఉన్నాడు. "నేను నిన్ను మాఫ్ చెయ్యనీకి రాలే అక్క. నువ్వు కూడ నన్ను మాఫ్ చెయ్యకు. దోషిని తెచ్చిన, గంతే" అంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. సౌందర్య బయటికి వచ్చింది. ఏడ్చిన కళ్లే గానీ గొంతు స్థిరంగా ఉంది.

"స్టేషన్‌కు పోదాం చిన్నమ్మ."

"ఇంటి మర్యాద బజార్ల పెడ్తవా?" అన్నాడు యోగేందర్. "వాన్ని నేను చూస్కుంట."

"డాడీ, ఫోటోలు చూసి మీరు నన్ను ఇంట్ల పెట్టి తాళమేసిన్రు. తీసినోడు ఎవడని ఒక్కసారన్న అడిగిన్రా?"

యోగేందర్ చేతులు కాలరు మీద నుంచి జారిపోయాయి. శ్రీకర్ తల్లి కొంగు పట్టుకున్నాడు. "మమ్మీ, వద్దు మమ్మీ... అక్క కాళ్లు పట్టుకుంట."

అరుణజ్యోతి ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. "నడువు సౌందర్య. అవి రాసింది నా కొడుకేనని, అవి నా మాటలేనని నేనే సాక్ష్యం చెప్త. పరీక్ష అయ్యేదాక నువ్వు నా హాస్టల్ల ఉండు. పొద్దున స్టేడియంకు నేను తోలుకపోత." ఆ తర్వాత శ్రీకళను చూసింది. "పంపుతవా? నన్ను నమ్మాలె మరి."

శ్రీకళ గడప మీద నుంచి లేచింది. లోపలికి వెళ్లి కూతురి బట్టల బ్యాగు తెచ్చి అరుణజ్యోతి చేతికి ఇచ్చింది.

కేసు నమోదైంది. అదే అకౌంటు నుంచి, తన పేరూ ఫోటోతో, ఇవన్నీ అబద్ధాలని శ్రీకర్ రాసి ప్రతి గ్రూపుకూ పంపాడు. కాలేజీవాళ్లు సస్పెండ్ చేశారు. వారానికి ఒకసారి స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టాలి. కన్నకొడుకును పోలీసులకు పట్టిచ్చిన తల్లి అని చుట్టాలు నోటికొచ్చినట్టు అన్నారు. శైలేందర్ ఆమె చేతి అన్నం తింటూనే ఆమెతో మాటలు మానేశాడు. అరుణజ్యోతి తెల్లవారకముందే లేచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేది. సౌందర్య మైదానం చుట్టూ పరుగెత్తుతుంటే గడియారం పట్టుకుని నిలబడేది. ఆ పిల్ల ఆమెతో అవసరమైనంత వరకే మాట్లాడేది. తీపి మాటలు ఇద్దరి మధ్యా లేవు. అయినా రోజు రోజుకీ పరుగులో సెకన్లు తగ్గాయి.

పదకొండు రోజులు శ్రీకర్ తల్లితో మాట్లాడలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం అన్నం కంచం ముందు కూర్చుని అడిగాడు. "మమ్మీ, నువ్వు పెద్దమ్మ గురించి చెప్పినయన్ని అబద్ధాలా?"

"అబద్ధాలు కావు బిడ్డా" అంది ఆమె. "అన్ని నిజాలే. కానీ అది నా ఏడుపు. నేను ఏడ్చుకోవాల్సింది. లేకుంటే కోర్టుకు పోయి కొట్లాడాల్సింది. నాకు ధైర్యం చాలక, నీకు అన్నంల కలిపి పెట్టిన. నువ్వు ఆడపిల్లను ఎట్ల చూడాల్నో నేర్పాల్సిన వయసుల, ఎవరిని పగబట్టాల్నో నేర్పిన. నువ్వు చేసిందానికి శిక్ష నువ్వే పడాలె. కానీ అందుల నా పాలు కూడ ఉంది."

 వాడు తినలేదు, లేచి కూడా పోలేదు. ఆమె వాడి ఎదురుగా కూర్చుని తన కంచంలో అన్నం పెట్టుకుంది.

పరుగు పరీక్ష రోజు మైదానం గేటు బయట ఎండ అప్పుడే చుర్రుమంటోంది. ఒక చెట్టు కింద శ్రీకళ, దూరంగా ఇంకో చెట్టు కింద అరుణజ్యోతి. పొద్దు ఎక్కాక శ్రీకళ కూర్చున్న చెట్టు నీడ తరిగిపోయింది. ఆమె లేచి వచ్చి అరుణజ్యోతి పక్కన కూర్చుంది. అరుణజ్యోతి కొంచెం జరిగి చోటిచ్చింది. అంతకు మించి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు.

పదకొండు గంటలకు సౌందర్య బయటికి వచ్చింది. నంబరు గుడ్డ ఇంకా ఛాతీ మీదే ఉంది. "అయింది మమ్మీ. అన్నిట్ల క్వాలిఫై అయిన" అంటూ తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. శ్రీకళ ఏడుస్తూ ఏడుస్తూ కూతురి ముఖం అంతా తడిమింది. కాసేపటికి సౌందర్య చిన్నమ్మ వైపు తిరిగింది.

"చిన్నమ్మ, ఒక మాట. నువ్వు ఇన్ని దినాలు నాతోని తిరిగినవ్. నేను మర్చిపోను. కానీ రేపు నేను ఎస్సైనైనా సరే, గా కేసు వాపస్ తీసుకోను. వాన్ని చూస్తే నాకింక మండుతనే ఉంది."

అరుణజ్యోతి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.  ఆ కళ్లలోని మంట ఆమెకు తెలిసినదే. తనకు పద్నాలుగేళ్ల కిందట ఆ మాట అనే నోరు లేకపోయింది. ఈ పిల్లకు ఉంది.

"తీసుకోకు బిడ్డా" అంది.

శ్రీకళ చప్పున తలెత్తి చూసింది. అరుణజ్యోతి అప్పటికే చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి దులుపుకుంటోంది.

"అన్నం తిని పోదువు, ఉండు అరుణా" అంది శ్రీకళ.

"లేదక్క. ఇయ్యాల వాడు స్టేషన్‌ల సంతకం పెట్టే దినం. ఒక్కడే పోవాల్నంటే భయపడ్తడు."

అని చెప్పి, రోడ్డు దాటి, ఎల్బీనగర్ వెళ్లే షేర్ ఆటో ఎక్కింది.