నాన్న ఊఁ అన్నారా?

శనివారం పొద్దున్నే అమెరికాలోని చాండ్లర్‌లో ఎండ చురుక్కుమంటోంది. రష్మి పొయ్యి మీద ఉప్మా కలుపుతోంది. మామగారు శేషగిరి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కాఫీ చల్లార్చుకుంటున్నారు. దివాకర్ మాత్రం లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"మా యాప్ వాడేవాళ్ళు మళ్ళీ తగ్గిపోయారే! ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటారు, ఒక్కసారి మాట్లాడతారు, మర్నాటి నుంచి కనబడరు. ఫ్రీగా ఇస్తున్నా వద్దంటే ఏం చెయ్యను?"

"ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు మనవాళ్ళని. అలాంటివాళ్ళే వద్దంటున్నారంటే మీ సరుకులో ఏదో ఉందన్నమాట," అంది రష్మి.

చిప్పుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూనే దివాకర్ స్నేహితుడితో కలిసి ఒక యాప్ తయారుచేశాడు. ఇంటర్నెట్ మీదుగా మాట మోసుకెళ్ళే యాప్. అది రెండు వేల పదో సంవత్సరం. ఇంకో ఐదేళ్ళలో ప్రతి చేతిలో ఇంటర్నెట్ ఫోన్ ఉంటుందనీ, ఇండియాకి మాట్లాడే కాలింగ్ కార్డులు మ్యూజియంలో పెట్టాల్సిందేననీ అతని లెక్క. పెట్టుబడి పెట్టేవాళ్ళు లెక్క బాగుందన్నారు. "కానీ ఒకసారి వాడినవాళ్ళు మళ్ళీ కార్డు దగ్గరికి ఎందుకు పోతున్నారో అది చెప్పు" అని పంపించేశారు. యాప్ వాడి మానేసిన ఒకాయన గుళ్ళో కనబడితే దివాకర్ అడిగాడు. "ఏమో బాబూ, గోడతో మాట్లాడినట్టుంది" అన్నాడు. అంతే. ఇంట్లోవాళ్ళే వాడకపోతే ఊరెందుకు వాడుతుందని, నాన్న ఫోన్‌లోనూ, దేశం అటు కొసన ఎడిసన్‌లో ఉన్న చెల్లెలి ఫోన్‌లోనూ కూడా పెట్టించాడు.

శేషగిరికి ఈ గోల పట్టదు. ఆయన తెనాలిలో సోడాల దుకాణం నడిపిన మనిషి. చప్పుడంతా సోడా కాయలే చేసేవి, ఆయన చేసేవారు కాదు. భార్య ధనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయి, ఆయన కొడుకు దగ్గరికి వచ్చేశాక ఆ పని చేసేవాళ్ళు లేకపోయారు.

అలాంటి మనిషికి పెద్ద పరీక్షే వచ్చింది. ఎడిసన్‌లో మందుల షాపులో పనిచేస్తున్న కూతురు రాధారాణి ఒకర్ని పెళ్ళి చేసుకుంటానంది. పేరు అనుదీప్. మంచివాడే, కానీ ఇదివరకు పెళ్ళయి విడిపోయినవాడు. శేషగిరి కొన్నాళ్ళు లోలోపల నలిగారు. ధనమ్మ ఉంటే ఏమనేదా అని ఆలోచించారు. 'పిల్ల నవ్వుతూ ఉంటే చాలదా?' అనేదని తోచింది. ఆ తర్వాత రాధ యాప్‌లో ఫోన్ చేసి, "నాన్నా, మీకిష్టమేనా? పెళ్ళికి వస్తారా?" అని అడిగింది. శేషగిరి "ఊఁ" అన్నారు.

అవతల పిల్ల ఏడ్చింది. సంతోషం కాబోలనుకున్నారు. ఆయన మటుకు ఆయనకి పెళ్ళి కుదిరిపోయినట్టే. కొత్త పంచె తీయించి ఇస్త్రీ చేయించుకున్నారు. ఎడిసన్‌కి టికెట్ ఎవరూ బుక్ చేయరేమా అని ఎదురుచూస్తున్నారు. అడగడం ఆయనకి చేతకాదు.

రష్మి ఫోన్ మోగింది. పొయ్యి తగ్గించి తీసింది. వింటూ వింటూ ముఖం మాడ్చుకుంది. "అలా అనకు రాధా... మేం లేకుండానా? ఒక్కసారి ఆగు..." అవతల పెట్టేసినట్టున్నారు. ఫోన్ కింద పెట్టి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఏమైంది?" అన్నాడు దివాకర్.

"సోమవారం కోర్ట్‌లో రిజిస్టర్ చేసుకుంటారట. ఎవర్నీ రావద్దంది." మామగారి వైపు తిరిగింది. "మామయ్యగారూ, పెద్దవారు, నేను అనకూడదు. కానీ కన్నకూతురు నోరు తెరిచి అడిగితే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారా? ఆరోజు నుంచీ ఏడుస్తూనే ఉందట!"

శేషగిరి కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

దివాకర్ లేచాడు. "ఇష్టం లేకపోతే లేదని చెప్పండి నాన్నా. ఈ మౌనవ్రతం ఏంటి? అమ్మ ఉంటే ఇలా చేసేవారా?"

ఆ మాట గుచ్చుకుంది. శేషగిరి కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూశారు.

"మరి టికెట్ ఎందుకు బుక్ చెయ్యలేదు?" అన్నారు.

"ఏం టికెట్?"

"పెళ్ళికి. ఊఁ అన్నాగా!"

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. "అది అనలేదంటోంది నాన్నా," అంటూ దివాకర్ అప్పటికప్పుడు యాప్‌లో చెల్లెల్ని పిలిచి, స్పీకర్ పెట్టి ఫోన్ నాన్న ముందుంచాడు.

"ఎందుకన్నయ్యా మళ్ళీ?" రాధ గొంతు బొంగురుపోయి ఉంది.

"నాన్న ఇక్కడే ఉన్నారు. ఇంకొక్కసారి అడుగు."

"నాన్నా... ఇదే ఆఖరు. అనుదీప్‌ని చేసుకోవడం మీకిష్టమేనా?"

"ఊఁ," అన్నారు శేషగిరి. వంటింటి దాకా వినబడింది.

ఫోన్‌లోంచి ఏడుపు వచ్చింది. "చూశావా? ఇప్పుడు కూడా పలకలేదు!"

"అదేంటే! ఊఁ అన్నారు, మా చెవులారా విన్నాం!" రష్మి అరిచినంత పని చేసింది.

"నా కోసం అబద్ధాలాడకు వదినా. నాకేం వినపడలేదు."

దివాకర్ కుర్చీలో కూలబడ్డాడు. నుదురు కొట్టుకున్నాడు.

"నేనే... నేనే చేశాను రాధా! డేటా ఆదా అవుతుందని, ఏసీ చప్పుడు, ఫ్యాన్ చప్పుడు లాంటి, మాట కాని శబ్దాలేవీ పంపకుండా యాప్‌లో వడపోత పెట్టాను. ఊఁలన్నీ అందులోనే పోయాయి. తవుడుతో పాటు బియ్యం కూడా చెరిగేశాను!"

"గోడతో మాట్లాడినట్టుందని ఆ గుళ్ళో ఆయన ఊరికే అన్నాడా మరి? ఊఁ కొట్టని మనిషితో మనవాళ్ళు ఎంతసేపు మాట్లాడతారు?" అంది రష్మి. "పెట్టుబడివాళ్ళ సంగతి తర్వాత. ముందు మీ చెల్లెల్ని చూడండి."

కానీ ఫోన్ అప్పటికే శేషగిరి చేతిలోకి వెళ్ళింది. ఆయన దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకున్నారు.

"రాధా! మొదటిరోజే ఊఁ అన్నానమ్మా. నాకిష్టమే. వస్తాను. కోర్టుకైనా వస్తాను, గుడికైనా వస్తాను. నీ చెయ్యి ఆ అబ్బాయి చేతిలో నేనే పెడతాను. మీ అమ్మ కూడా ఇదే మాటనేది." ఊపిరి తీసుకున్నారు. "ఏడవకు తల్లీ."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనడం దివాకర్ పుట్టాక వినలేదు. రాధకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. సోమవారం మాట మరిచిపోయింది. గుళ్ళోనే చేసుకుంటామంది, అనుదీప్ పక్కనే ఉన్నాడంది, అమ్మ పట్టుచీర వదిన దగ్గరుంటే తెమ్మంది, భోజనాలు ఎవరికి చెప్పాలంది. ఇన్నాళ్ళుగా గుండెలో మూటగట్టుకున్నదంతా విప్పేసింది. రష్మి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. దివాకర్ లాప్‌టాప్‌లో యాప్ లెక్కలు మూసేసి విమానాలు వెతుకుతున్నాడు.

శేషగిరికి మాత్రం నమ్మకం చాలలేదు. కూతురు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా ఫోన్‌లోకి గట్టిగా కేకలేస్తున్నారు.

"అలాగే! ... సరే! ... వింటున్నా! ... తెస్తుంది!"

"నాన్నా, అరవకండి. వినపడుతోంది," అంది రాధ.

"పడనీ," అన్నారు శేషగిరి.