ఎర్ర తాడు రిమోట్

గోడగడియారం ఆగిపోయిందన్న సంగతి ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆయనే కనిపెట్టాడు. కనిపెట్టక చేసేదేముంది? మూడో అంతస్తు కిటికీ పక్కన కుర్చీలో కూచుని, వీధి మలుపు తిరిగే ప్రతి బస్సునీ చూసి, తల తిప్పి గడియారం చూసి, "నిమిషం లేటు" అనో, "వీడికి క్లచ్ తొక్కడం ఈ జన్మకి రాదు" అనో గొణుక్కోవడమే ఇప్పుడాయన ఉద్యోగం. అసలు ఉద్యోగం ఆ బస్సు నడపడం. నిరుడు ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే కుడిచేతిలోంచి బ్రష్ జారిపోయింది. దాని వెనకే మనిషీ జారిపోయాడు. మాట తిరిగొచ్చింది. కాలు చాలావరకు వచ్చింది. చెయ్యి మాత్రం, ఇదిగో బయల్దేరుతున్నా అంటూ బయల్దేరని చుట్టంలా ఊరిస్తూనే ఉంది.

ఇంటికి లిఫ్టు లేదు. మెట్లు దిగాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. "పెళ్ళాం చెయ్యి పట్టుకుని చంటిపిల్లాడిలా దిగితే కింద కొట్టువాడి దగ్గర్నుంచి అందరూ తలలెత్తి చూస్తారు. ఆ బతుకు నాకొద్దు" అని మొదట్లోనే తేల్చేశాడు. కసరత్తులు నేర్పే అమ్మాయి కూడా ఇంటికే వచ్చి వెళ్ళేది. ఆయన గడప దాటలేదు.

"ఏమే, గడియారం ఆగింది" అని కేకేశాడు.

"చేతిలో పిండి ఉందండీ, చూస్తాను" అంది భార్య వంటింట్లోంచి.

"చూస్తే తిరుగుతుందా అది? ఇంట్లో ఒక్క బ్యాటరీ ఉండదు. టైం తెలీకుండా ఎలా బతుకుతారర్రా మీరు?"

మందుల షాపులో పనిచేసే కూతురు జడ వేసుకుంటూ గదిలోంచి వచ్చింది. "సాయంత్రం తెస్తాను నాన్నా."

"సాయంత్రం దాకా నేను ఆకాశం చూసి చెప్పుకోవాలా టైము?"

"నీకు ఈరోజు డ్యూటీ ఏమైనా ఉందా ఏంటి?" అనేసి నాలుక కరుచుకుందా పిల్ల. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. వెనక ఏదో డ్రాయరు తెరిచిన చప్పుడు, స్టూలు జరిపిన చప్పుడు, ఆ తర్వాత టిక్కు టిక్కు.

"ఎక్కడిదే బ్యాటరీ?"

"ఎక్కడిదైతే ఏం నాన్నా, నడుస్తోందిగా! సాయంత్రం విజిలు మావయ్య వస్తున్నాడు కదా, నేనూ తొందరగా వచ్చేస్తా" అంటూ చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. అలా దిగిపోయేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది, సొంత కూతురైనా సరే.

విజిలంటే ఆయన బస్సులో కండక్టరు. నోట్లో విజిలు లేకుండా ఆ మనిషిని భార్య కూడా చూసి ఉండదని డిపోలో చెప్పుకుంటారు. విజిలుని రప్పించడానికి కారణం ఉంది. సోమవారం డిపోలో ఈయనకి మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష. పాసైతే పాత రూటు, పాత సీటు. ఇంత ధైర్యం ఎక్కడిదంటే, టీవీ ఆట ఇచ్చిన ధైర్యం.

ఆ ఆట కూతురే తెచ్చింది. రిమోట్ పట్టుకుని గాల్లో చెయ్యి ఊపితే టీవీలో మన బొమ్మ బంతి విసురుతుంది. చివర నిలబెట్టిన పిన్నులు పడాలి. టెన్నిసూ ఉంది కానీ ఆయనకి బౌలింగే నచ్చింది. భుజానికి మంచిదని కసరత్తుల అమ్మాయి కూడా అంది. కూతురు ఆయన బొమ్మకి మీసం పెట్టి, ఖాకీ చొక్కా వేసింది. రిమోట్లు రెండు. నీలం తాడుది ఆయన మణికట్టుకి కట్టేది భార్య. బటన్లు నొక్కడానికి వేళ్ళకి పట్టు దొరకదు కనక ఆట మొదలుపెట్టడం, ఆపడం అన్నీ ఆవిడే.

మొదటి వారం ప్రతి బంతీ పక్క కాలువలోకే దొర్లింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, పడటం మొదలైంది. రెండు, అయిదు, మొత్తం! ఇప్పుడు తెర మీద ఇంట్లో అందరికంటే పై పేరు ఆయనదే. భుజం ఎంత లేస్తోందో అద్దంలో చూసుకోవడం మానేశాడు. టీవీ చెబుతోంది చాలదూ!

సాయంత్రం విజిలు వచ్చాడు, మెట్లెక్కిన ఆయాసంతో.

"బావా, నీ ఇల్లు ఆఖరి స్టాపులా ఉందయ్యా. చెల్లెమ్మా, ముందు మంచినీళ్ళు."

"కూచోండి అన్నయ్యా" అంటూ ఆవిడ నీళ్ళిచ్చి, ఆరిన బట్టల గుట్ట తెచ్చుకుని, ఎప్పటిలాగే వెనక సోఫాలో మడతపెట్టుకుంటూ కూచుంది.

"సోమవారానికి సిద్ధమేనా?" అన్నాడు విజిలు.

"చూస్తావుగా!" అన్నాడాయన, మణికట్టుకి నీలం తాడు కట్టించుకుని.

"ఆగాగు, వీడియో తీస్తా. నువ్వు రావని డిపోలో పందాలు కాసినవాళ్ళ ముఖాన కొడతా." విజిలు టీవీ పక్కన నిలబడి ఫోను ఎత్తాడు.

ఆయన భుజం కొద్దిగా కదిలింది, చెయ్యి తొడ దాటి కాస్త ముందుకొచ్చింది. తెర మీద మాత్రం మీసాల బొమ్మ నడుం వంచి బంతి వదిలింది. పిన్నులన్నీ పడ్డాయి. మళ్ళీ. మళ్ళీ.

"బావా, బస్సు కాదు నీకు విమానం ఇవ్వాలి!" అని విజిలు ఈల వేస్తుంటే తలుపు తీసుకుని కూతురు వచ్చింది. ఆమె చేతిలో చిన్న పొట్లం.

"నాన్నా, బ్యాటరీలు తెచ్చేశా. ఇక ఆడు..." అంటూనే టీవీ చూసి ఆగిపోయింది. "అదేంటి, ఎలా ఆడుతున్నావు?"

"చేత్తో" అన్నాడాయన మీసం దువ్వుకుంటూ.

"అది కాదు నాన్నా. నీలం తాడుదాంట్లోంచి పొద్దున నేనే ఒక బ్యాటరీ తీసి గడియారంలో వేశా. అది పనిచెయ్యదు కదా!"

ఆయన ఎడంచేత్తో రిమోట్ వెనక మూత తీశాడు. రెండు గుంటల్లో ఒకటి ఖాళీ. తెర మీద మీసాల బొమ్మ మాత్రం రెండు చేతులూ ఎత్తి గెంతుతూనే ఉంది, సిగ్గులేకుండా.

ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు. భార్య తువ్వాళ్ళ గుట్ట కిందనుంచి చెయ్యి బయటికి తీసింది. చేతిలో ఎర్ర తాడు రిమోట్.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి వారం దాటినప్పటి నుంచి."

"అంటే నేను కొట్టినవి..."

"ఒక్కటీ లేదండీ."

"సోమవారం నేను స్టీరింగు పట్టుకునేవాణ్ణి. బస్సు నిండా జనంతో రోడ్డెక్కేవాణ్ణి. అప్పుడు కూడా వెనక సీట్లో కూచుని నువ్వే తిప్పేదానివా?"

"చెబుదామనే అనుకున్నాను. రోజూ రేపు రేపు అనుకుంటూ..."

"చెప్పడానికి నోరు లేదూ?"

"ఉంది" అంది ఆవిడ లేచి. మడతపెట్టిన చొక్కా జారి కిందపడినా తీయలేదు. "వినడానికి మీకు చెవులుండాలిగా! మొదటి వారం ఏం చేశారో గుర్తుందా? బంతి కాలువలో పడిందని రిమోట్ నా మీదకి విసిరారు. అన్నం కంచం తోసేశారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ మర్నాడు పొరపాటున ఆట ఈ ఎర్ర తాడుదాంతో మొదలుపెట్టాను. సోఫాలో అడ్డంగా ఉందని దీన్ని పక్కకి విసురుగా జరిపితే అక్కడ పిన్నులు పడ్డాయి. మీరే కొట్టాననుకుని నవ్వారు. అన్ని నెలల తర్వాత నవ్వారు. మీరు కాదు, నేను అని చెప్పి ఆ నవ్వు తుడిచెయ్యమంటారా?"

"మోసం చేశావు."

"చేశాను. కాదన్నానా? కానీ ఈ ఇంట్లో బందీ మీరొక్కరే అనుకుంటున్నారు చూడండి, దానికి ఏడుపొస్తుంది. మీరు దిగనంటే నేనెక్కడికి దిగాను? కూరగాయలకి పరిగెత్తుకుపోయి పరిగెత్తుకొస్తాను. గుమ్మంలో అడుగు పెట్టగానే గడియారం చూస్తారు. నిమిషం లేటంటారు. నన్నూ బస్సులాగే లెక్కేస్తారు!"

"అమ్మా..." అంది కూతురు. ఆవిడ ముఖం తువ్వాలులో దాచుకుంది.

ఆయనకి తిట్లు గొంతుదాకా వచ్చాయి. ఏ తిట్టు ఎత్తుకున్నా తనకే తగిలేలా ఉంది. కుర్చీలో కూలబడ్డాడు. విజిలు దగ్గరికొచ్చి ఫోను ముందు పెట్టాడు.

"తిట్టడం ఎప్పుడైనా తిట్టొచ్చు బావా. ముందు ఇది చూడు."

వీడియోలో ముందు తానే. భుజం ఎంత లేచిందో మొదటిసారి బయటనుంచి చూశాడు. జాలేసేంత. కానీ విజిలు చూపించింది అది కాదు. వెనక సోఫాలో ఆవిడ. చూపంతా భర్త భుజం మీదే. అది కదలబోయే ముందే ఆవిడ ఊపిరి బిగబట్టింది, తువ్వాలు కింద మణికట్టు ఊగింది. పిన్నులన్నీ పడగానే ఆ ముఖం ఒక్కసారి విప్పారింది. పరుగుపందెంలో ముందొచ్చిన బడిపిల్ల ముఖం. ఆ వెంటనే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు చొక్కా మడతపెట్టింది. అవతల చప్పట్లన్నీ ఆయనకి.

ఇంకోసారి పెట్టించుకుని చూశాడు. ఆ ముఖం ఆయనకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తాను నడుపుతుంటే ముందు సీట్లో కూచుని, మలుపు తిరిగినప్పుడల్లా అద్దంలో కనిపించిన ముఖం. ఎక్కడికి పోయింది అనుకున్నాడు ఇన్నేళ్ళూ. వీపు వెనకే ఉంది.

"బ్యాటరీ వెయ్యవే దీంట్లో" అన్నాడు కూతురితో.

"వద్దు నాన్నా ఇప్పుడు."

"వెయ్యమన్నానా!"

వేసింది. ఆట మొదలుపెట్టే బటన్ కూతురు నొక్కిపెట్టింది. ఆయన పళ్ళు బిగించి ఊపాడు. బొమ్మ చెయ్యి కొంచెం లేచి పడిపోయింది. బంతి నీరసంగా దొర్లి కాలువలోకి పోయింది.

"ఇదీ నాది" అన్నాడాయన. చెంపల మీద తడి తుడుచుకోవడానికి కుడిచెయ్యే లేపబోయాడు, అది రాలేదు. "నువ్వు రా ఇలా. ముందుకొచ్చి నిలబడు."

"నాకెందుకండీ..."

"వెనకనుంచే ఇంత కొట్టావు. ముందునుంచి ఎంత కొడతావో చూడనీ."

ఆవిడ కళ్ళు తుడుచుకుని వచ్చి, టీవీ ముందు ఇబ్బందిగా నిలబడింది. దాచుకోవలసిన పని లేని చెయ్యి పూర్తిగా ఊపింది. ఒక్కటి కూడా మిగలకుండా పడ్డాయి. కూతురు కేక పెట్టింది, విజిలు ఈల వేశాడు. ఒక చేత్తో చప్పట్లు ఎలా కొట్టాలో తెలీక ఆయన తొడ మీద దబదబా కొట్టాడు.

"సోమవారం రానని డిపోలో చెప్పెయ్" అన్నాడాయన, విజిలు వెళ్ళబోతుంటే.

"సరే బావా. వీడియో తీసెయ్యనా?"

"ఎందుకు? చూపించు. కొట్టింది ఎవరో కూడా చెప్పు."

మర్నాడు పొద్దున ఆవిడ సంచీ తీసుకుని బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ కనిపించాడు. ఆవిడ నమ్మలేనట్టు చూసింది.

"కొట్టువాడు చూస్తాడేమో" అంది.

"చూడనీ. వాడికి మాత్రం వేరే పనేముంది!"

"పట్టుకోనా, వెనక ఉండనా?"

"వెనక కూచున్నది చాలు. నువ్వు ముందు నడు. నేను నీ భుజం చూసుకుంటూ దిగుతాను."

ఎడంచెయ్యి ఆవిడ భుజం మీద వేశాడు. భుజం ఒక మెట్టు కిందకి జారితే ఆయన కాలు ఒక మెట్టు దిగింది. ఆవిడ ఆగితే ఆగాడు. మొదటి మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుంటుంటే వీధిలో బస్సు హారన్ వినిపించింది. అలవాటుగా తల తిప్పాడు. అక్కడ గడియారం లేదు, సున్నం పెచ్చులూడిన గోడ ఉంది.

"లేటా?" అంది ఆవిడ వెనక్కి చూడకుండానే.

"ఏమో మరి. పద."