మూలబొమ్మ మీది గుడ్డ

ఆ మ్యూజియం ఒకప్పుడు ఏ జమీందారుదో మేడ. ఏనుగు అడ్డంగా పడుకుంటే ఎంతో, గోడల మందం అంత. పైన వెనకగది ఉంది చూశారూ... దాని కిటికీ మీద కాకి కూడా వాలేది కాదట!

గది గోడలనిండా పటాలు కట్టిన అరచేతులంత పాత బొమ్మలు. వెలుతురు తగిలితే రంగులు పోతాయని ఒక్కోదానికీ ఓ గుడ్డ. చూడవచ్చినవాళ్లు ఎత్తి చూస్తారు, దించేస్తారు. సాయంత్రం తలుపులు మూసేముందు అన్నీ దిగి ఉన్నాయో లేదో కాపలామనిషి చూసుకోవాలి.

మూలబొమ్మ మీది గుడ్డ మాత్రం నిలవదు. దించితే... లేస్తుంది!

పొద్దున్నే అది లేచి ఉండటం చూసి ఆఫీసరు ఇద్దరు కాపలావాళ్లని ఇంటికి పంపేశాడు. మూడో మనిషి ఈ కొత్తావిడ. మొగుడు మంచాన పడ్డాడు. పొయ్యి వెలగాలంటే ఈ ఉద్యోగమే దిక్కు. "అక్కడ నువ్వు రెండ్రోజులు నిలిస్తే నా ముక్కు కోయించుకుంటా," అంది అత్తగారు.

మొదటి సాయంత్రం. ముసురు పట్టి అప్పటికే చీకటి.

"తోడు రా బాబాయ్," అంది గేటు కాసే మీసాలాయనతో. నోరు తెరిస్తే మూడు తరాల కథలు చెప్పే మనిషి.

"మోకాళ్లమ్మా... నేనిక్కడే ఉంటాగా," అంటూ ఆయన మెట్ల కింద రెండు స్టూళ్లు వేసుకున్నాడు. రెండోది కాళ్లు చాపుకోవడానికేమో అనుకుందావిడ.

టార్చి పట్టుకుని పైకెళ్లింది. అన్నీ చూసుకుంటూ మూలకి వచ్చింది. మధ్యాహ్నం తనే ఎత్తి చూసిన బొమ్మ. వానలో డాబా, దీపం, తలుపు పట్టుకుని నిలబడ్డ ఎర్ర ముసుగు పిల్ల.

గుడ్డ దించింది. రెండడుగులు వేసిందో లేదో —

సర్ర్...

లేచింది!

ఈసారి దించి అరచేత్తో అదిమిపట్టింది. చేతికిందే... మెల్లగా... పైకి జరిగింది. టార్చి వేసింది. డాబా ఉంది. దీపం ఉంది.

పిల్ల లేదు.

ఆవిడ వెంట్రుకలు లేచిన ఊపుకి జడే ఊడిపోయిందట! పారిపోదామంటే... ఉద్యోగం. పళ్లు బిగబట్టి నిలబడింది.

చెవి వెనక చల్లగా ఊపిరి.

"కాస్త తప్పుకో అక్కా... నేను రాకుండానే గుడ్డ వేసేస్తారేం?"

కళ్లు మూసుకుని పక్కకి జరిగింది. గజ్జె ఒక్కసారి ఘల్లుమంది. తడి కొంగేదో చేతిని రాసుకుంటూ పోయింది. కళ్లు తెరిస్తే — పిల్ల బొమ్మలోనే ఉంది. ముసుగు అంచు ఇంకా ఊగుతోంది...

గుడ్డ దించింది. ఇక లేవలేదు.

ఎలా దిగిందో, మెట్లు దిగింది. మీసాలాయన మూతి ముడుచుకుని ఉన్నాడు.

"గుడ్డ నిలిచిందా?"

"ని... నిలిచింది బాబాయ్."

"ఆ ఎర్ర ముసుగమ్మాయి పైకొచ్చిందా మరి? మీ గదిలోనే పని కదూ? రోజూ వచ్చి ఈ స్టూలు మీదే కూర్చుంటుంది. కథ మంచి పట్టులో ఉండగా, 'అయ్యో, వేసేస్తున్నారు!' అని పరుగు!"

ఆవిడ ఖాళీ స్టూలుకేసి చూసింది. దాని మీద ఇంకా తడి.



"బాబాయ్... రేపట్నుంచి కథ కాస్త పెందలాడే ముగించు. నీకు పుణ్యముంటుంది."