జమానత్ సంతకం

"ఒకని అప్పుకు జమానత్ ఉండి సంతకం పెట్టేటోనంత పిచ్చోడు ఇంకోడుండడు. అన్నకు గాదు, తమ్మునికి గాదు, ఎవ్వలకూ పెట్టొద్దు!"

ధర్మేందర్ మాటకు తొమ్మిదో తరగతి పిల్లలు పకపకా నవ్వారు.

బచ్చన్నపేటలో అతనికి ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. పొదుపు, వడ్డీ, అప్పు గురించి పిల్లలకు చెప్పమని లెక్కల టీచర్ శోభే అతణ్ని బడికి పిలిచింది. అప్పటి నుంచి ప్రతి శనివారం వస్తున్నాడు. గిరాకీ వదులుకుని ఎందుకు పోతున్నాడో తల్లి ఓదెమ్మ ఎప్పుడో పసిగట్టింది. శోభ పసిగట్టిందో లేదో అతని అంచనాకు అందలేదు.

ఆ రోజు శోభ నవ్వలేదు. కిటికీ బయట ముసురును కాసేపు చూసి, గంట కొట్టకముందే వెళ్లిపోయింది.

"సార్, మేడం గూడ పెట్టింది సంతకం," అంది ముందు బెంచీలోని చంద్రి మెల్లగా. "మాది ఒక్కటే తండా. మేడం వాళ్ల తమ్ముడు బలరామన్న ట్రాక్టర్ కొన్నడు. అది బోల్తా పడే చనిపోయిండు. ఇప్పుడు కిస్తీలు మేడమే కడుతది."

ధర్మేందర్ వరండాలోకి పరుగెత్తాడు.

"మేడం, నాకు తెల్వదు. మిగిలిన అప్పు ఒక్కసారే కట్టేస్త. వడ్డీ దండగ."

"మీరెందుకు కడుతరు?"

"మీ కోసం."

శోభ కళ్లు తుడుచుకుంది. "రేపు నేను మిమ్మల్ని కాదంటే మోసం చేసిందంటరు. ఔనంటే పైసలకు ఒప్పుకున్నదంటరు. రెండు దిక్కుల లాస్ నాకే. దుకాణం నడిపేటోళ్లు, గీ లెక్క తెల్వదా?"

బేరం కుదరక వెళ్లిపోయిన గిరాకీని అతను ఎన్నోసార్లు చూశాడు. ఎవరి వెనకా ఇంతసేపు చూస్తూ నిలబడలేదు.

తర్వాతి శనివారం పోవద్దనుకుంటూనే పోయాడు.

"పోయిన వారం నేను తప్పు చెప్పిన," అన్నాడు పిల్లలతో. "సంతకం పెట్టే ముందు మనల్ని మనం ఒక్క మాట అడగాలె. వాడు కట్టకపోతే నేను కట్టగల్గుతనా? కట్టలేనోడు పెట్టొద్దు. కట్టేటోళ్లు పెడితే పిచ్చోళ్లు గాదు. మీ మేడం అన్నీ తెలిసే పెట్టింది. కడుతున్నది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మీరు ఎవలకన్న పెడుతరా సార్?" చంద్రి వదల్లేదు.

"ఒక్కలకు పెడత. ఆమెనే అడగది."

క్లాసంతా "ఓ..." అంది. "చాలు, నోర్లు ముయ్యుండ్రి!" అంది వెనక నిలబడ్డ శోభ. గొంతులో కోపం మాత్రం సరిపోలేదు.

బడి వదిలాక ఆమె బస్టాపులో తడుస్తూ నిలబడి ఉంది. అతను గొడుగు పట్టాడు.

"జనగామకు. ఇయ్యాల కిస్తీ," అంది. బస్సు వచ్చే దిక్కు చూస్తూ, "పైసలు పోతున్నయని బాధ లేదు. ఫైనాన్సు ఆఫీసుల 'బలరాం' అని వాని పేరే పిలుస్తరు. లేచి నేను పోవాలె," అంది.

అతను గొడుగును ఆమె వైపు ఇంకాస్త వంచాడు.

"పైసలు వద్దన్నరు. తోడు గూడ వద్దంటరా?"

"దుకాణం?"

"అవ్వ కూసున్నది. 'ఆమె అప్పు ఆమెనే కట్టుకుంటది బిడ్డా, పోయి పక్కపొంటి నిలబడు. కోడలైనంక గూడ గంతే' అన్నది."

శోభ నవ్వబోయింది. కన్నీళ్లు ముందొచ్చాయి.

బస్సులో కండక్టర్ రాగానే ధర్మేందర్ పర్సు తీశాడు. శోభ అతని చెయ్యి పట్టి ఆపింది.

"ఆడోళ్లకు జీరో టికెట్. మీదొక్కటే పైసలైతయి. నేనిస్త."

"వద్దు మేడం..."

"శోభ. నాకోసం వస్తున్నవు. తీసుకో."

ఇచ్చి రుణం తీర్చుకోవడమే తప్ప ఉత్తగా తీసుకోవడం అతనికి అలవాటు లేదు. చెవులు వేడెక్కుతుండగా టికెట్ తీసుకున్నాడు. శోభ కిటికీ వైపు తిరిగి జనగామ దాకా ఏడుస్తూనే ఉంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.