రెండు నిమిషాల ప్లేటు

"మ్యాచ్ ఎనిమిదింటికి. సాక్షికి ఆకలేస్తోందట. త్వరగా ఏదైనా తినిపించి స్టేడియంలో కూర్చోబెట్టు. రేపు పొద్దున పదింటికి నాకు ప్రాణాలతో కావాలి."

బ్రస్సెల్స్ గూఢచారి విభాగం చీఫ్ మేడమ్ క్లైనార్ట్ బ్రీఫింగ్ అంతే.

"పద్దెనిమిదేళ్ల సర్వీసు తర్వాత ఆయా పనా మేడమ్?" అన్నాడు ఏజెంట్ యోరిస్ వెర్హాగెన్.

"ఆయాలైతే ఎదురు ప్రశ్నలు వెయ్యరు. బయల్దేరు."

సాక్షి పేరు డాక్టర్ బొగ్దాన్ వెలెష్. ఒక విదేశీ ముఠాకి పదకొండేళ్లపాటు విషాలు తయారుచేసి పారిపోయి వచ్చిన కెమిస్టు. ముఠా కోడ్ పేర్లు, రహస్య స్థావరాలు అతని బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవు. నోరు విప్పడానికి ఒక్కటే షరతు పెట్టాడు. చిన్నప్పుడు దొంగచాటుగా రేడియోలో విన్న ఫుట్‌బాల్ టీమ్ ఆడుతుంటే కళ్లారా చూడాలట. మనుషుల్ని చంపే మందులు కలిపినవాడికి ఇదొక ముచ్చట, అనుకున్నాడు యోరిస్.

స్టేడియం పక్క వీధిలోని బ్రాసరీని, అంటే బీరూ భోజనమూ దొరికే హోటల్ని, ఎంపిక చేసింది ఇజలీన్ దుమూలాఁ. ఆరేళ్లుగా యోరిస్‌కి జోడీ. నాలుగు భాషలు వచ్చు, నాలుగింటిలోనూ అబద్ధాలు వచ్చు. అభిమానుల మారువేషమని ముగ్గురూ ఊదారంగు మఫ్లర్లు చుట్టుకున్నారు. యోరిస్ మెడలో అది కట్టుగుడ్డలా ఉంటే, ఆమె మెడలో నగలా ఉంది.

ఆరూ యాభై. లోపల కాలు పెట్టే చోటు లేదు. వెలెష్ మెనూ కార్డుని పరీక్ష పేపర్‌లా తిప్పితిప్పి చూస్తున్నాడు.

"రొయ్యల వడలా? కోడి కూరా? మీరేమంటారు?"

"మింగుడుపడేది ఏదైనా సరే" అన్నాడు యోరిస్.

వెయిటర్ వచ్చి నిలబడ్డాడు. నున్నగా దువ్విన జుట్టు, మడత నలగని అప్రాన్.

"బీరులో ఉడికించిన గొడ్డుమాంసం కూర ఇవ్వండి" అన్నాడు వెలెష్ ఆశగా.

"దానికి నలభై నిమిషాలు పడుతుంది సార్. 'అమెరికన్' అయితే రెండే నిమిషాలు. పచ్చి కీమాయే కదా, వండే పని లేదు."

"అదే చెప్పండి డాక్టర్. టైమ్ లేదు" అంది ఇజలీన్.

రెండు నిమిషాల్లోనే ప్లేటు వచ్చింది. ఎర్రటి కీమా ముద్ద, పక్కన బంగాళాదుంప వేపుడు. వెలెష్ ఫోర్క్ నిండా తీసుకున్నాడు.

నలభై నిమిషాలా?

యోరిస్ తల తిప్పి వెయిటర్ వైపు చూశాడు. ఆ కూర ఈ ఊళ్లో ఏ వంటింట్లోనైనా పొద్దున్నుంచీ కుండలో ఉడుకుతూనే ఉంటుంది. ఆర్డరిస్తే గరిటెతో తీసి వడ్డించడమే. ముఠా ఈ వెధవకి భాష నేర్పింది, ట్రే పట్టడం నేర్పింది, ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

ఫోర్క్ పెదవిని తాకబోతుండగా యోరిస్ చెయ్యి విసిరాడు. కీమా ఎగిరి గోడ అద్దానికి అతుక్కుంది. వెయిటర్ తలుపు వైపు పరుగెత్తాడు.

వెలెష్ ప్లేటు వంక చూసి పాలిపోయాడు. "ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. వేడి తగిలితే పనిచెయ్యదు. అందుకే పచ్చిది పెట్టారు. నేను తయారుచేసిందే."

హోటల్ ఎంచిందీ, ఇదే తెప్పించమందీ ఇజలీనే. యోరిస్ ప్లేటుని ఆమె ముందుకి నెట్టాడు.

"ఒక్క ముద్ద తిను."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ వైపు కదిలింది. అతను మణికట్టు పట్టుకున్నాడు.

"ఎప్పట్నించి?"

"నువ్వు నన్ను నమ్మకముందు నుంచే. నువ్వొట్టి మొద్దువి యోరిస్. ఈ హోటలే ఎందుకని ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. ఆరేళ్లు ఒకే కారులో, ఒకే ఫ్లాస్కులో కాఫీ పంచుకుంటూ కాపలా కాసిన మనిషిని ఏం అడుగుతాడు? ఆమె మీద పుట్టిన అసహ్యంలో సగం తనమీదే అనిపించింది.

చెవిలోని బఠాణీగింజంత రిసీవర్‌ని నొక్కాడు. "బయట టీమ్. అప్రాన్ కట్టినవాడు. జనమంతా స్టేడియానికి వెళ్తున్నారు, వాడొక్కడే ఎదురొస్తాడు."

ఇరవై అడుగులు దాటకుండానే దొరికాడు. పారిపోవడం కూడా చేతకాదు.

అసలు వెయిటర్ బీరు పీపాల గదిలో, మూతికి టేపుతో కనిపించాడు. విషం సంగతి చెబితే చలించలేదు. కూరకి నలభై నిమిషాలని చెప్పాడని తెలిసి మాత్రం ఊగిపోయాడు. "మా పరువు తీశాడు గాడిద!" అంటూ వేడివేడి కూర తెచ్చి పెట్టాడు. యోరిస్ ముందు తను రుచి చూసి, తర్వాత వెలెష్‌ని తిననిచ్చాడు. డాక్టర్ గిన్నె నాకినంత పని చేశాడు.

పది దాటాక మేడమ్ ఫోన్ చేసింది.

"రిజల్ట్?"

"ఇద్దరు అరెస్టు. సాక్షి క్షేమం."

"అవి తెలుసు. మ్యాచ్ సంగతి అడుగుతున్నా."

"సున్నా సున్నా మేడమ్. తొంభై నిమిషాల్లో కళ్లెదుట ఉన్న గోల్‌ని చూసినవాడు ఒక్కడు లేడు. ఇరవై రెండు మందికీ మన డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగాలు ఇచ్చెయ్యొచ్చు."