పాలగుండ చేలో పాప

2011 నవంబరు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మూడు రోజులుగా ముసురు వదలలేదు. ప్రైవేటు డిటెక్టివ్ విద్యాసాగర్ కుర్చీ చూపించినా, వచ్చిన అమ్మాయి కూర్చోలేదు.

"నా పేరు కావ్యశ్రీ, అంకుల్. ఎమ్మెస్సీ చదువుతూ ఒక పెద్దాయన ఇంట్లో కేరర్‌గా చేస్తున్నా. ఆయన బొమ్మ నేనే పాడుచేశానంటున్నారు. రేపు పోలీసులకి చెప్తారంట. కేసైతే నా వీసా ఏమవుద్దో."

ఆ పెద్దాయన ఆల్బన్ క్విన్. కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవి నుంచి యాభై ఏళ్ల కిందట వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ తన ఊరిని తైలవర్ణాల్లో గీసిన మనిషి. ఆ చిత్రాల్లో గొప్పది పాలగుండ (ఆరోరూట్) దుంపలు తవ్వుతున్న ఆడవాళ్లది. వాళ్ల పక్కన తట్ట మోస్తున్న చిన్నపాప. సోమవారం పొద్దున చూస్తే పాప లేదు. ఆ చోట మట్టిరంగు పూసి ఉంది.

"నువ్వక్కడ ఏ వేళల్లో ఉంటావమ్మా?"

"డ్యూటీ రోటా ప్రకారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు. శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం పాప ఉంది. సోమవారం నేనే ముందు చూసి చెప్పా. చెప్పడమే తప్పయింది."

విద్యాసాగర్ తన సహాయకుడు శేషగిరిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. క్విన్ కొడుకు కీత్ తన ఊరు స్విండన్ నుంచి వచ్చి ఉన్నాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

"ఆదివారం నేను భోజనానికి వచ్చి వెలుతురుండగానే వెళ్లిపోయాను. ఆ అమ్మాయి తప్ప బయటివాళ్లెవరూ ఈ ఇంటికి రారు," అన్నాడు కీత్.

"నాన్నగారు ఈ మధ్య ఏమైనా గీశారా?"

"లేదు. ఆయనకు చూపు దాదాపు పోయింది. గీయడం మానేసే ముందు రంగులు కూడా అమ్మే కలిపిచ్చేది."

విద్యాసాగర్ బొమ్మ ఉన్న గదిలో కర్టెన్లు మూసి లైటు వేశాడు. పూసిన చోటు చుట్టూ ఉన్న మట్టిలో కలిసిపోయింది. లైటు ఆర్పి కర్టెన్లు తీశాడు. పెద్ద కిటికీ వెలుతురులో అదే చోటు ఎర్రగా తేలింది. శేషగిరి అర్థం కాకపోయినా రాసుకున్నాడు.

"ఈ పాప ఎవరు?" అని విద్యాసాగర్ క్విన్ భార్య వెర్నాను అడిగాడు.

"ఎవరో పక్కింటి పిల్ల," అందామె. కుర్చీలో ఉన్న క్విన్ పిడికిలి బిగుసుకుంది.

మరునాడు విద్యాసాగర్ కావ్యశ్రీతో సహా అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

"ఈ రంగు లైటు కింద అచ్చంగా సరిపోతుంది, పగటి వెలుతురులో తేలిపోతుంది. అంటే చీకటి పడ్డాక లైటు కింద కలిపిన రంగు. కావ్యశ్రీ మధ్యాహ్నానికే వెళ్లిపోతుంది. కీత్ వెలుతురుండగానే వెళ్లాడు. క్విన్ గారికి ఇప్పుడు రంగులు కనపడవు. ఇక ఆయన రంగులు కలపడం తెలిసినవాళ్లు మీరొక్కరే, మిసెస్ క్విన్."

వెర్నా బుకాయించలేదు.

"అది ఈయన మొదటి కూతురు, ఐనెజ్. అక్కడే వదిలేసి వచ్చాడు. యాభై ఏళ్లు ఆ పిల్లను ఎదురుగా పెట్టుకుని అన్నం తిన్నాను. పోయిన నెల ఉత్తరం రాసింది, తండ్రికి కాస్త చూపుండగా వస్తానని. వస్తే కీత్‌కి ఏం చెప్పను?"

కీత్ తండ్రి వైపు తిరిగాడు. క్విన్ తల దించుకుని మెల్లగా అన్నాడు: "రోజూ దాని మీద వేలు పెట్టి తడుముకుంటాను. సోమవారం తడి తగిలింది. ఎవరి పనో అప్పుడే తెలిసింది. నోరు విప్పితే పిల్లను వదిలేసిన సంగతి నేనే చెప్పాలి."

"నామీదకి వచ్చినా సరేననుకున్నారా?" అంది కావ్యశ్రీ.

కీత్ క్షమించమన్నాడు. ఆమె ఆ ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి కోటు తొడుక్కుంది.

"రంగు ఇంకా పచ్చిగానే ఉంది. పనితెలిసినవాళ్లు తీసేయగలరు," అన్నాడు విద్యాసాగర్.

"తీసినా నాకు కనపడదు," అన్నాడు క్విన్. "ఆ ఉత్తరం ఉందా?"

"కాల్చేశాను," అంది వెర్నా.

"అడ్రసు?"

వెర్నా ఊరి పేరు, వీధి, ఇంటి నంబరు తడుముకోకుండా చెప్పింది. కీత్ పెన్ను తీసి రాసుకున్నాడు.